హారను స్పీకరునకు యూనిట్టును, డయాఫ్రమును ఎన్నుకొనుట

తమిళనాట వీధిలోను, బజారులోను, బస్సులోను మరియొక భాష వినుచు పెరుగు మన పిల్లవాడు ‘క’కును ‘ఖ’కును, ‘శ’కును ‘స’కును గల భేదము చెవికి తెలియునట్లు పలుకుటకు ఏడాది పొడుగున శ్రమించును. వార్షికోత్సవమునాడు వాడు వేదిక నెక్కి పద్యము చదువుచుండగా, వెనుక వరుసలలో కూర్చుండిన అవ్వలును, తాతలును చెవులు నిక్కించి విందురు. నోట స్పష్టముగా వెలువడిన అక్షరము మైకులో ప్రవేశించి, తీగెల వెంట పోయి, హారనులోనుండి బయటపడునప్పటికి మాసిపోయెనేని, ఆ యేడాది శ్రమ వెనుక వరుసకు చేరనట్లే యగును.

రెండేండ్ల క్రిందట మన సభామందిరములో జరిగినది సరిగా ఇదియే. మందిరమున వేదికకు ఇరుప్రక్కల రెండు పెట్టెలు గలవు. ఒక్కొక్క పెట్టెలో క్రింద 12 అంగుళముల కోను స్పీకరును, దానిపై ఒక చిన్న హారనును ఉన్నవి. ఆనాటి సాయంకాలము కుడిప్రక్క హారను మొదట గరగరలాడి, పిమ్మట మూగవోయెను. బజారులో నొక దుకాణమున మరమ్మతు చేయించి తెచ్చితిమి. పది దినములకే మరల మూగవోయెను. రెండవసారి దానిని ఎవరికిని ఈయక, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మేమే విప్పి చూచితిమి. అప్పుడు కంటబడిన సంగతులను, ఆ పిమ్మట లెక్కవేసి సరిచూచుకొన్న సంగతులను ఇట పొందుపరచుచున్నాము.

మైకుసెట్టువారు ‘యూనిట్టు’ అని పిలుచు వస్తువునకు పుస్తకములలో కంప్రెషన్ డ్రైవరు అని పేరు. బయటికి అది హారను వెనుక బిగించిన బరువైన యినుపడబ్బీవలె కనబడును. లోపల బలమైన అయస్కాంతమును, దాని సన్నని వలయాకారపు సందులో వ్రేలాడు తీగెచుట్టయు, ఆ చుట్టకు అంటుకొనియున్న పలుచని బోర్లించిన గిన్నెవంటి డయాఫ్రమును ఉండును. చుట్టలో విద్యుత్తు ప్రవహించి మారుచుండగా డయాఫ్రము ముందునకును వెనుకకును కదలును. ఈ మాత్రము సాధారణ స్పీకరులోను గలదు. భేదమెల్ల డయాఫ్రమునకు ఎదుటనున్న దానిలో గలదు.

గాలిలో చేయి విసరిన శ్రమ తెలియదు. చెరువునీటిలో విసరిన తెలియును. డయాఫ్రము బరువైనది, గాలి తేలికయైనది. అది ఊరక గాలిలో ఆడినచో, చేయి గాలిలో విసరినట్లు, శక్తి గాలికి చేరక చుట్టలోనే వేడియై పోవును. అందుచేత సాధారణ కోను స్పీకరునకిచ్చిన విద్యుచ్ఛక్తిలో నూటికి ఒక వంతు ధ్వనియగుటయే గొప్ప. కంప్రెషన్ డ్రైవరులో డయాఫ్రమునకు ఎదుట మిల్లీమీటరు లోపు ఎడముతో ఒక లోహపు దిమ్మ నుండును. దానికి ఫేజ్ ప్లగ్గు అని పేరు. ఆ దిమ్మలో వలయములుగా గాని, కిరణములుగా గాని సన్నని చీలికలుండును. అనేక డ్రైవర్లలో చీలికల మొత్తము వైశాల్యము డయాఫ్రము వైశాల్యములో సుమారు పదవ వంతు. ఇంతటి ఇరుకులోనుండి త్రోయబడుటచే గాలి నీటివలె బరువుగా తోచును; డయాఫ్రమునకు పట్టు దొరకును. అటుపై హారను ఆ ఒత్తిడిని మెల్లమెల్లగా విశాలపరచి బయటిగాలికి అప్పగించును. అమెరికాలో బెల్ ప్రయోగశాలలకు చెందిన వెంటె, థురాస్ అను వారు రూపొందించిన వెస్టరన్ ఎలక్ట్రిక్ 555 అను డ్రైవరు 1926లో మాట్లాడు చిత్రములతోపాటు సినిమాహాళ్లలో ప్రవేశించినది. నాటి ఆంప్లిఫైయర్లు ఇచ్చునది కొలది వాట్టులే. అంతటితో హాలంతయు నింపగలుగుట ఈ యేర్పాటు వలననే సాధ్యమయ్యెను. చీలికలు ఎచ్చటెచ్చట ఉండవలెనో లెక్కకట్టి చూపిన బాబ్ స్మిత్ వ్యాసము 1953లో వెలువడినది. నేటికిని ఈ యంత్రపు అమరిక మూలమున మారలేదు.

యూనిట్టును ఎన్నుకొనువారు మొదట యూనిట్టును కాక హారనును చూడవలెను. హారనునకు ఒక క్రిందిమేర కలదు. ఆ పౌనఃపున్యమునకు క్రింద అది గాలికి పట్టు ఈయజాలదు. హారను మూతి చుట్టుకొలత, ఆ మేరవద్ద తరంగదైర్ఘ్యమునకు ఇంచుమించు సమానముగా నుండవలెనని సామాన్యసూత్రము. మూతి వ్యాసము 50 సెంటీమీటర్లైనచో చుట్టుకొలత 157 సెంటీమీటర్లు. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోవును గనుక మేర సుమారు 218 హెర్ట్జులు. ఆవరణలో స్తంభమునకు కట్టు పెద్ద హారను ఈ తరగతిది. మాటలు చెప్పుటకు చాలును. మన మందిరపు పెట్టెలోని చిన్నదాని మేర 1,000 హెర్ట్జులకు దగ్గరగా నున్నది. దానిని 2,000కు పైననే వాడవలెను.

మేరను దాటి క్రిందికి పోయిన ఏమగును? హారను పట్టు ఈయుచున్నంతవరకు, అంతే ధ్వని పుట్టించుటకు పౌనఃపున్యము సగమైన కొలది డయాఫ్రము కదలిక రెండింతలగును. మేరకు క్రింద పట్టు తప్పును; డయాఫ్రము ముక్కుత్రాడు తెగిన యెద్దువలె ఇష్టము వచ్చినట్లు ఎగురును. ఎదుటి దిమ్మ మిల్లీమీటరు లోపుననే యున్నదని చెప్పితిమి గదా. ఎగిరి దానిని కొట్టుకొనును, లేదా అంచు చిట్లును, లేదా చుట్టనుండి బయటికి వచ్చు సన్నతీగె ఊగి ఊగి తెగును.

తరువాత గొంతు కొలత. డ్రైవరు నోటి వ్యాసము 1 అంగుళము, 1.4 అంగుళములు, 2 అంగుళములు అను కొలతలలో విరివిగా దొరకును. హారను గొంతు కొలతయు అదియే కావలెను. మధ్య అమర్చు జోడింపుముక్కలు దొరకునుగాని, వానివలన ధ్వనిమార్గములో మెట్టువంటిది ఏర్పడినచో పై స్థాయి ధ్వనులు కొంత చెదరును. బిగింపులోను తేడాలు గలవు: కొన్నింటికి మరచుట్టు, కొన్నింటికి రెండు, మూడు లేక నాలుగు బోల్టులు. మరలోను అన్నియు ఒకే కొలతవి కావు. పాత యూనిట్టును సంచిలో వేసికొని దుకాణమునకు పోవుటకంటె మంచి ఉపాయము లేదు.

ఇక వాట్టులు. ఎన్ని వాట్టులని అడుగుటయే మనకు వాడుక. ఇచట మన ఊహకును లెక్కకును చాల దూరము. మంచి హారను యూనిట్టు ఒక్క వాట్టుతో, ఒక మీటరు దూరమున, సుమారు 108 డెసిబెల్లు పలుకును. బయలున దూరము రెండింతలైన ప్రతిసారి 6 డెసిబెల్లు తగ్గును. 32 మీటర్లనగా ఐదుసార్లు రెండింతలు; 30 డెసిబెల్లు పోగా 78 మిగులును. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలలో, లౌడ్‌స్పీకరు వాడు బహిరంగస్థలపు సరిహద్దు వద్ద ధ్వని, ఆ ప్రాంతపు ప్రమాణముకంటె 10 డెసిబెల్లకు గాని, 75 డెసిబెల్లకు గాని, ఈ రెండింటిలో ఏది తక్కువయో దానికి మించరాదని యున్నది. నివాసప్రాంతమునకు పగటి ప్రమాణము 55. కావున మేర 65. అనగా 32 మీటర్ల దూరమున గోడవైపునకు తిరిగిన హారను ఒక్క వాట్టుతోనే హద్దు దాటినది! మాటలో సగటుకంటె శిఖరములు 12 డెసిబెల్ల వరకు లేచును గనుక సగటున ఒక వాట్టు వాడువానికి 16 వాట్టుల స్తోమత ఉండవలెను. 30 వాట్టుల యూనిట్టు పాఠశాల ఆవరణకు ధారాళముగా చాలును. నూరు వాట్టులదానికై చందాలు పోగుచేయుట వ్యర్థము. ఆ ధనముతో హారనులను సభవైపునకు వంచి కట్టుటకు మంచి స్తంభములు వేయించుకొనవచ్చును. దుకాణములో చెప్పు వాట్టులలోను మూడు రకములు గలవు: నిరంతరముగా భరించునది, సంగీతపు లెక్కలో చెప్పునది, క్షణమాత్రపు శిఖరము. మొదటి అంకెనే నమ్మవలెను. తక్కిన రెండును పెద్దవిగా కనబడుటకే అట్టమీద అచ్చువేయబడును.

చుట్ట వ్యాసము కూడ చూడదగినదే. 4 అంగుళముల చుట్ట గలవి బరువును, వేడిని తట్టుకొని క్రింది స్థాయికి దిగగలవు. కాని బరువెక్కువ యగుటచే మిక్కిలి పై స్థాయిలో తడబడును. 1 అంగుళపు చుట్ట గలవి పైన చురుకుగా నుండును గాని 2,000 హెర్ట్జుల దగ్గర గట్టిగా వాడిన నిలువవు. పద్యము, ఉపన్యాసము, హార్మోనియము గల మన సభకు 44 మిల్లీమీటర్ల చుట్ట మధ్యేమార్గము. మన పెట్టెలలోనున్నది అదియే.

ఇప్పుడు డయాఫ్రము సంగతికి వత్తము. ఇచటనే అక్షరముల గతి తేలును. ‘స’కారపు సవ్వడిలో చాలభాగము 4,000 హెర్ట్జులకు పైన నుండును; ‘శ’, ‘ష’ల సవ్వడి అంతకంటె కొంత క్రింద గుమిగూడును. ‘ల’ ‘ళ’లకును, ‘న’ ‘ణ’లకును గల భేదమును తెలుపు గుర్తులలో ముఖ్యమైనవి 2,000, 3,000 హెర్ట్జుల నడుమ నున్నవి. ఈ ప్రాంతమంతయు ఆ చిన్నగిన్నె పాలిటిదే. అది బరువైనచో పై స్థాయి క్రుంగి, ‘స’ కొరవడును. అది ఎచ్చటనైన ఒకచో మ్రోగుచున్నచో ఆ మ్రోత ప్రక్కనున్న గుర్తులను కప్పివేయును.

డయాఫ్రములు పెక్కు పదార్థములతో చేయుదురు. ఫినాలిక్ బంకలో నానబెట్టి ఒత్తి గట్టిపరచిన గుడ్డ మొదటిది. మొరటుదనము దీని గుణము. ఎండకు, వానకు, మోటుచేతులకు ఓర్చును, క్రింది స్థాయికి దిగును, పై స్థాయిలో మందగించును. స్తంభముమీది హారనునకు ఇదియే తగును. అల్యూమినియము తేలిక, స్వచ్ఛముగా పలుకును. కాని మాటిమాటికి వంగుటచే అంచులో బీటలువారును. టైటానియము నేడు మిక్కిలి వాడుకలో నున్నది. ఇది అల్యూమినియముకంటె ‘గట్టిది’ గనుక మేలని విక్రేతలు చెప్పుదురు. ఈ మాటను పరీక్షింపవలెను. గిన్నె తనలో తాను వంగక ఒక్కటిగా కదలుటకు కావలసినది ఒంటి గట్టితనము కాదు; బరువునకు తగిన గట్టితనము. దానిని ఆ లోహములో ధ్వని పరుగెత్తు వేగము తెలుపును. అల్యూమినియము సాంద్రత 2.7, టైటానియము 4.5, గట్టితనమును ఇంచుమించు అదే పాళమున పెరిగినది. కావున రెండింటను ధ్వనివేగము సెకనుకు సుమారు 5,000 మీటర్లే. టైటానియము గెలుచునది మరియొకచోట: వంపుల అలసటకు అది చాలకాలము ఓర్చును. మన్నికకై దానిని కోరుట సమంజసము. మాధుర్యమునకై కోరుట భ్రాంతి. వేగములో నిజముగా మించినది బెరీలియము. దాని సాంద్రత 1.85 మాత్రమే, ధ్వనివేగము 12,000 మీటర్లకు పైమాట. వెలయు అట్లే మించినది. పైగా దాని ధూళి ఊపిరితిత్తులకు విషము. పగిలిన బెరీలియపు డయాఫ్రమును పిల్లలచేత ముట్టనీయరాదు. పాలియెస్టరు, పాలీఇమైడు వంటి ప్లాస్టిక్కు పొరలతో చేసినవియు గలవు. ఇవి మెత్తగా పలుకును, లోహపు మ్రోత లేదు, చిన్న యూనిట్లలో చక్కగా పనిచేయును.

ఐనను బదులు డయాఫ్రమును కొనువారు పదార్థమునుగూర్చి ఎక్కువ ఆలోచింపరాదని మా అభిప్రాయము. యూనిట్టును చేసినవారు ఏ పదార్థము వేసిరో అదియే వేయవలెను. దిమ్మ వంపును, ఎడమును, వెనుక మూతలోని గాలియు ఆ గిన్నెకు సరిపడునట్లు కుదుర్చబడినవి. ఒకే వ్యాసము గల పరాయి గిన్నె అమరినట్లే కనబడవచ్చును. వంపులో వెంట్రుకవాసి తేడా యున్నను ఎడము ఒకచో పెరిగి ఒకచో తరిగి పై స్థాయి చెదరును. జంటలో ఒకదానికి అల్యూమినియము, రెండవదానికి టైటానియము వేసిన, సభలో ఎడమప్రక్కవారొక గొంతును, కుడిప్రక్కవారొక గొంతును విందురు.

మన యూనిట్టులో దుకాణమువారు వేసినది సరియైన వ్యాసము గలదే, సరియైన పదార్థముదే. తప్పు మరియొకచోట దొరకినది. తెగిన సన్నతీగెకు ఆవల మీటరు ముల్లులుంచి కొలువగా చుట్ట నిరోధము 11 ఓములు చూపెను. ఎడమప్రక్క మంచి యూనిట్టును కొలువగా 6 ఓములు. 8 ఓముల యూనిట్టును మీటరుతో కొలిచిన 5.5, 6.5ల నడుమను, 16 ఓములదానిని కొలిచిన 10, 12ల నడుమను చూపుట సామాన్యము. అనగా 8 ఓములదాని స్థానమున 16 ఓములది కూర్చుండినది. ఇందేమి ప్రమాదమని తోచవచ్చును. పెట్టెలో హారనునకు వరుసగా ఒక 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు గలదు. క్రింది స్థాయి ధ్వనులను హారనువైపు రానీయక ఆపు కావలివాడు అదియే. అది ఎచ్చట ఆపునో కెపాసిటరు ఒక్కటే నిర్ణయింపదు. దాని వెనుకనున్న ఓములు కూడ నిర్ణయించును. 1ని రెండు ‘పై’ల చేతను, ఓముల చేతను, ఫారడ్ల చేతను భాగించిన ఆ పౌనఃపున్యము వచ్చును. 8 ఓములతో లెక్కవేయగా ఇంచుమించు 2,000 హెర్ట్జులు. 16 ఓములతో 1,000. కావలివాడు కదలలేదు, గుమ్మమే ఒక స్థాయి క్రిందికి జరిగినది! హారను పట్టు ఈయలేని చోటికి డయాఫ్రము నెట్టబడినది. పైగా ఓములు రెట్టింపగుటచే శక్తి సగమే చేరి, కుడిప్రక్క ధ్వని తగ్గినట్లు తోచెను. ధ్వని తగ్గెనని మేమే వాల్యూము పెంచితిమి. పది దినములలో తీగె తెగుట ఆశ్చర్యము కాదు.

మొదటి డయాఫ్రము చావునకు కారణము వేరు. దుకాణమువారు తిరిగి యిచ్చిన ఆ పాతదాని చుట్ట గోధుమరంగునకు తిరిగి, వార్నీషు కాలిన వాసన వేయుచుండెను. తీగె తెగినది కదలికవలన, చుట్ట మాడినది వేడివలన. ఈ రెండింటిని కంటితోనే వేరుపరుపవచ్చును. ఆనాడు ఆంప్లిఫైయరును దాని స్తోమతకు మించి తిప్పియుంటిమి. అట్లు తిప్పినపుడు తరంగపు శిఖరములు కత్తిరింపబడి చదునగును. పూర్తిగా చదునైన తరంగము అదే ఎత్తుగల గుండ్రని తరంగముకంటె రెండింతల శక్తిని మోసికొని పోవును. చిన్న ఆంప్లిఫైయరును గొంతు చించునట్లు వాడుట, పెద్దదానిని నెమ్మదిగా వాడుటకంటె హారనునకు హానికరము. ఎఱ్ఱదీపము వెలిగినప్పుడెల్ల వాల్యూము తగ్గించు మనిషిని ఆంప్లిఫైయరు కడ కూర్చుండబెట్టుట ఆనాడు మాకు తోచలేదు.

మూడవ డయాఫ్రమును మేమే అమర్చితిమి. ఆ పద్ధతిని కొంత వివరముగా చెప్పుట మంచిది. ఏలయన చాల డయాఫ్రములు మరమ్మతుబల్లమీదనే చెడును. బల్లమీద తెల్లగుడ్డ పరచి, ఆకురాయి పొడి, ఇనుపరజను లేకుండ తుడువవలెను. వెనుక మూత విప్పుటకు ముందు డయాఫ్రము ఏ దిక్కునకు కూర్చుండినదో పెన్సిలుతో గుర్తు పెట్టవలెను. డయాఫ్రము చట్రపు మరలను మాత్రమే తీయవలెను. అయస్కాంతమును పట్టియుంచు బోల్టులను తాకరాదు. అవి విప్పినచో సందు కేంద్రము తప్పును, కొన్ని జాతుల అయస్కాంతములు బలమును కోల్పోవును. స్క్రూడ్రైవరును అయస్కాంతము లటుక్కున లాగుకొనును. చేయి జారినచో క్రొత్త గిన్నెకు తూటు పడినట్లే. కాలిన వార్నీషు పొడి, రజను సందులో మిగిలియుండును. గట్టి అట్టముక్కకు అంటుటేపును జిగురు బయటికి వచ్చునట్లు మడిచి చుట్టి, సందు చుట్టును మెల్లగా త్రిప్పి తీయవలెను. టేపు మచ్చలేక వచ్చువరకు మరల మరల చేయవలెను. మాకు తొమ్మిదిసార్లు పట్టెను. కొన్ని యూనిట్ల సందులో అయస్కాంతద్రవము పోసియుండును. అట్టిచో పాతదానిని ఒత్తుకాగితముతో పూర్తిగా తీసి, చెప్పిన కొలత ప్రకారము క్రొత్తది వేయవలెను.

డయాఫ్రముతోపాటు పలుచని వలయపు బిళ్ల యేదైన వచ్చినచో అది పొట్లముకట్టుటకు పెట్టినది కాదు, ఎడమును నిలుపునది. దానిని పారవేయరాదు. డయాఫ్రమును కూర్చుండబెట్టి మరలను సగము బిగించి, ఆసిలేటరునుండి మిక్కిలి తక్కువ వోల్టేజి నిచ్చి, స్థాయిని మెల్లగా ఎక్కించుచు దించుచు చెవియొగ్గి వినవలెను. చుట్ట సందుగోడకు తాకుచున్నచో గరగర వినబడును. చట్రమును ఇసుమంత జరుపగా అది మాయమగును. అప్పుడు మరలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించుచు, ప్రతిసారి వినుచుండవలెను. ఈ పనిలో పదవతరగతి బాలిక యొకతె చెవి మాకంటె చురుకుగా నుండెను. మేము లేదన్న గరగరను ఆమె రెండుసార్లు పట్టినది.

కడపట ధనఋణములు. రెండు యూనిట్లును ఒకే దిశకు కదలవలెను. ఒకటి ముందునకు పోవునప్పుడు రెండవది వెనుకకు పోయిన నడుమ కూర్చుండినవారికి మాట పలుచనై తోచును. ఎఱ్ఱగుర్తును నమ్ముటయు కుదరదు. అమెరికా కంపెనీయైన జేబీఎల్ వారి పాత యూనిట్లలో నల్లకొనకు ధనవిద్యుత్తు ఇచ్చినప్పుడే డయాఫ్రము ముందునకు కదలును. రెండు పెట్టెలను ఎదురెదురుగా దగ్గరకు చేర్చి ఒకే ధ్వని నిచ్చి, ఒకదాని తీగెలను తారుమారు చేసి విని, ఏది నిండుగా వినబడునో దానిని ఉంచితిమి.

గత వార్షికోత్సవమునకు ముందురోజు ఖాళీ మందిరములో పరీక్ష జరిపితిమి. వేదికనుండి ఒక బాలుడు వరుస తప్పించి శ, ష, స, ల, ళ, న, ణ అను అక్షరములతో ఇరువది మాటలు చదువగా, వెనుక వరుసలో ఐదుగురు వినినది వినినట్లు వ్రాసికొనిరి. తప్పులు పడినవి ‘శ’కును ‘ష’కును నడుమ మాత్రమే, ఆ తప్పులు యంత్రమువో, బాలునివో, వినినవారివో తేల్చలేకపోతిమి. మాడినదియు, తెగినదియు అగు రెండు డయాఫ్రములను, ఓముల లెక్క వ్రాసిన చీటీతోకూడ, ప్రయోగశాల బీరువాలో రెండవ అరలో ఉంచితిమి. చూడగోరువారు తాళపుచెవి అడిగి తీసికొనవచ్చును.